సీసాలో వానతోట

పోయిన నెల మబ్బులను గురించి చెప్పుకున్నాం. అది చదివి ఒక పాఠకుడు, "మేష్టారూ, మబ్బు సంగతి సరే. నేలమీద పడ్డ వాన ఎక్కడికి పోతుంది?" అని ఉత్తరం రాశాడు. చిన్న ప్రశ్నే. కాని దీనికి జవాబు నాకు బాగా తెలుసుననుకుని నేను ఒకసారి బోర్లాపడ్డాను. ఇవాళ ఆ సంగతే చెబుతాను.

మట్టినేల మీద వాన పడితే కొంత ఇంకుతుంది, కొంత పారుతుంది. అదే నేలను సిమెంటుతో కప్పేశామనుకోండి, ఇంకటానికి దారి లేదు. పడ్డదంతా పారవలసిందే. ఎంత పారుతుందో లెక్క కట్టటం సులభం. ఒక చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే అది 10 లీటర్లు. నేను హెడ్మాస్టరుగా ఉన్న బడిలో సిమెంటు ఆవరణ 500 చదరపు మీటర్లు. అంటే ఒక్క సెంటీమీటరు వానకే 5,000 లీటర్లు. పది లీటర్ల బిందెలైతే ఐదువందల బిందెలు!

ఆ సిమెంటు 2012లో నేనే చేయించాను. బురద లేదు, పిల్లలు జారిపడటం లేదు, అందరూ సంతోషించారు. ఒక్క దర్జీ మాత్రం సంతోషించలేదు. బడికి ఎదురుగా, పల్లంలో ఆయన ఇల్లు. మొదటి పెద్ద వానకే మా ఐదువందల బిందెలూ ఆయన వసారాలోకి పోయి, కుట్టుమిషను కాళ్లు మునిగినవి. ఆ నీళ్లు మంచినీళ్లయినా కావు. దుమ్ము, కుళ్లిన ఆకులు, మోటారు సైకిళ్లనుంచి కారిన నూనె, టైర్లు అరిగి రాలిన పొడి, అన్నీ కలిసిన నీళ్లు. అవి వీధి కాలవలో పడి చివరకు చెరువులో కలిసేవి.

దీనికి ఏమిటి ఉపాయమని నేను పుస్తకాలు తిరగవేశాను. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో ప్రిన్స్ జార్జెస్ కౌంటీ అనే చోట, 1990 తర్వాత, ఇంజనీర్లు ఇటువంటి నీళ్లకు ఒక మంచి పద్ధతి ఏర్పాటు చేశారు. దాన్ని ఎట్లా కట్టాలో వివరిస్తూ 1993లో పుస్తకం కూడా అచ్చువేశారు. ఇళ్లముందు పల్లపు జాగాలో లోతు తక్కువ గుంట తవ్వి, నీరు దిగే మట్టి నింపి, మొక్కలు నాటుతారు. వాననీరు ఆ గుంటలోకి వచ్చి కాసేపు నిలిచి, మట్టిగుండా కిందికి దిగుతుంది. దీన్నే మనం వానతోట అందాం.

వానతోటలో నీరు శుభ్రపడటం ఎట్లాగో తెలుసా? బురద పైపొరలోనే ఆగిపోతుంది. బురద రేణువులను అంటుకుని వచ్చే సీసం, జింకు వంటి లోహాలు కూడా దానితోపాటు చాలావరకు ఆగిపోతవి. నూనెను మట్టిలోని సూక్ష్మజీవులు తినివేస్తవి. నీటిలో కరిగిన నత్రజనిలో కొంత మొక్కలు వేళ్లతో పీల్చుకుంటవి. ఇదంతా జరగాలంటే నీరు మట్టిలో కొంతసేపు గడపాలి. అట్లాగని మరీ ఎక్కువసేపు ఉండిపోనూకూడదు. ఈ రెండో సంగతే నేను మరిచాను.

ఆవరణ మూల 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గుంట తవ్వించాను. అడుగున చిల్లుల గొట్టం వేసి, చుట్టూ కంకర పరిపించాను. శుభ్రపడిన నీరు ఆ గొట్టంలోనుంచి కాలవలోకి పోవాలి. కంకరమీద 50 సెంటీమీటర్ల మందాన మట్టి. మట్టిపైన నీరు నిలవటానికి 20 సెంటీమీటర్లు ఖాళీ. అంతకన్నా నీరు ఎక్కువైతే అంచుమీదుగా పొర్లి కాలవలోకే పోయే ఏర్పాటు. అంతా పుస్తకంలో ఉన్నట్టే చేశాను. మట్టి ఒక్కటే నా సొంత తెలివి. మాది నల్లరేగడి ప్రాంతం. పత్తి, మిరప విరగపండే నేల. మొక్కలకు అంతకన్నా మంచి మట్టి ఏముంటుంది అనుకుని, ఆ 50 సెంటీమీటర్లూ రేగడే నింపించి, మెట్టతామర దుంపలు నాటించాను.

జూన్‌లో మొదటి వాన వచ్చింది. గుంటలోకి వచ్చిన నీరు గటగటా తాగినట్టు దిగిపోయింది. దర్జీ వసారా పొడిగా ఉన్నది. మర్నాడు ప్రార్థన సమయంలో నేను వానతోట గొప్పతనం గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను.

జూలై వచ్చింది. వరసగా వానలు. గుంటలో నీరు నిలిచింది. ఒకరోజు గడిచింది, రెండు రోజులు గడిచినవి, నీరు అట్లాగే ఉన్నది. మూడు రోజులు దాటి ఇంక కాస్త మిగిలిందనగా మళ్లీ వాన పడేది. వారాల తరబడి గుంట ఎండనే లేదు. మన ఎండలకు దోమ గుడ్డునుంచి రెక్కలు వచ్చి ఎగరటానికి వారం, పది రోజులు చాలు. మా గుంట వాటికి నర్సరీ అయిపోయింది.

దర్జీ వచ్చి, "మేష్టారూ, ఇంతకుముందు మీ నీళ్లు మా ఇంటికి వచ్చేవి. ఇప్పుడు మీ దోమలు వస్తున్నయ్యండీ" అన్నాడు. ఆయన పసిపిల్లవాడికి అప్పటికే నాలుగు రోజులనుంచి జ్వరం. ఆ జ్వరం మా గుంట దోమలవల్లే వచ్చిందని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. పిల్లవాడు కోలుకున్నాడు గాని, ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు.

అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నా గదిలోకి వచ్చి, "మేష్టారూ, రేగడిలో నీళ్లు దిగవండీ. మా చేలో కూడా వానాకాలం నీళ్లు నిలబడితే మా నాన్న కాలవ తీస్తాడు" అన్నది. చిరాకులో ఉన్నానేమో, "మొదటి వానకు దిగలేదా? నువ్వు నాకు చెప్పేదానివా?" అని కసిరాను. ఆ పిల్ల ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె రెండు పెద్ద కూల్‌డ్రింకు సీసాలు తీసుకుని వచ్చింది. వాటి అడుగులు కోసి, మూతి కిందికి వచ్చేట్టు తలకిందులుగా నిలబెట్టి, మూతికి పలచని గుడ్డ కట్టి, కాసిని గులకరాళ్లు వేసింది. వాటిపైన ఒకదానిలో 10 సెంటీమీటర్ల మందాన మా గుంటలోని రేగడి, రెండోదానిలో అంతే మందాన ఏటి ఇసుక, కొద్దిగా మాగిన ఆకు ఎరువు కలిపి నింపింది. రెండింటినీ ముందు బాగా తడిపింది. తర్వాత మట్టిపైన ఎప్పుడూ 10 సెంటీమీటర్ల నీరు నిలిచి ఉండేట్టు పోస్తూ, కింద కారిన నీటిని కొలగిన్నెలో పట్టింది. గడియారం చూసి 6 నిమిషాలు. ఇసుక సీసాలోనుంచి 320 మిల్లీలీటర్లు దిగినవి. రేగడి సీసాలోనుంచి ఎంతో తెలుసా? 3 మిల్లీలీటర్లు పైచిలుకు. ఒక చెంచాడు లేదు!

"మరి జూన్‌లో దిగింది గదా?" అన్నాను, ఓడిపోతూ.

"అప్పుడు రేగడి బీటలు వారి ఉన్నదండీ. బీటల్లోనుంచి దిగింది. తడిసి ఉబ్బితే బీటలు మూసుకుపోతయ్యండీ" అన్నది.

రేగడి ఎండితే బీటలు వారుతుందని, తడిస్తే ఉబ్బుతుందని నేను ముప్పయ్యేళ్లుగా పాఠం చెబుతున్నాను, పిల్లలూ! అందుకే ఆమె సీసాలను ముందు తడిపింది. పొడిమట్టిని కొలిచి ఉంటే ఆమె కూడా నాలాగే మోసపోయేది.

ఇటువంటి పనే పూర్వం ఒక పెద్ద ఇంజనీరు చేశాడు. ఆయన పేరు హెన్రీ డార్సీ. ఫ్రాన్సులో డీజోన్ అనే పట్టణంలో 1803లో పుట్టాడు. ఆ వూరి జనం మంచినీళ్లకు చాలా అవస్థ పడేవారు. డార్సీ సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊటనుంచి మూసిన కాలవలో నీరు తెప్పించాడు. 1840లో ఆ నీరు వూరికి చేరింది. ఆ పనికి తనకు ఇవ్వజూపిన సొమ్ము ఆయన పుచ్చుకోలేదు.

తర్వాత ఆయనకు మరొక సందేహం కలిగింది. నీటిని ఇసుకగుండా వడపోస్తారు గదా, ఎంత ఇసుకలోనుంచి ఎంత నీరు దిగుతుంది? ఊహించి చెప్పటం ఆయనకు ఇష్టం లేదు. 1855లో డీజోన్ ఆసుపత్రి ఆవరణలో రెండున్నర మీటర్ల ఎత్తు, 35 సెంటీమీటర్ల వ్యాసం గల ఇనపగొట్టం నిలబెట్టించి, దానిలో ఇసుక నింపించి, నీటి ఒత్తిడి మారుస్తూ ఎంత నీరు దిగుతున్నదో కొలిపించాడు. 1856లో ఫలితాలు పుస్తకంగా వేశాడు. రెండేళ్లు తిరగకుండానే, 1858 జనవరిలో చనిపోయాడు. కాని ఆయన చెప్పిన సూత్రం ఈనాటికీ ప్రపంచమంతా వాడుతున్నారు.

ఆ సూత్రం ఏమిటంటే: ప్రతి మట్టికీ నీటిని దించే వేగం ఒకటి ఉంటుంది. పైన నిలిచిన నీటి లోతుకు మట్టి మందం కలిపి, దాన్ని మట్టి మందంతో భాగించండి. వచ్చినదానితో మట్టి వేగాన్ని హెచ్చవేస్తే, నీరు ఎంత వేగంగా దిగుతుందో వస్తుంది. నీరు లోతుగా నిలిస్తే త్వరగా దిగుతుంది. మట్టి మందం పెరిగితే నిదానిస్తుంది.

ఇప్పుడు సీసా లెక్క చూడండి. సీసా లోపలి వైశాల్యం ఇంచుమించు 80 చదరపు సెంటీమీటర్లు. 6 నిమిషాల్లో దిగిన 320 మిల్లీలీటర్లను 80తో భాగిస్తే 4 సెంటీమీటర్లు. నీరు 10, మట్టి 10, కలిపి 20. దాన్ని 10తో భాగిస్తే 2. కాబట్టి ఇసుక అసలు వేగం 4లో సగం, అంటే 6 నిమిషాలకు 2 సెంటీమీటర్లు. గంటకు 20 సెంటీమీటర్లు.

ఇక సీసాను వదిలి గుంటలోకి దిగుదాం. గుంటలో మట్టి మందం 50, నీరు నిండుగా ఉంటే 20. వాన ఆగిపోయిందనుకుని, 12 నిమిషాలకు ఒక మెట్టు చొప్పున లెక్క వేద్దాం. 12 నిమిషాలకు ఇసుక వేగం 4 సెంటీమీటర్లు.

మొదటి మెట్టు: 20, 50 కలిపి 70. 50తో భాగిస్తే 1.4. దాన్ని 4తో హెచ్చవేస్తే 5.6 సెంటీమీటర్లు దిగినవి. మిగిలింది 14.4.

రెండో మెట్టు: 64.4ను 50తో భాగించి 4తో హెచ్చవేస్తే 5.15. మిగిలింది 9.25.

మూడో మెట్టు: 4.74 దిగి, 4.51 మిగిలింది.

నాలుగో మెట్టు: 4.36 దిగి, ఒక పలచని పొర మాత్రం మిగిలింది.

అంటే 48 నిమిషాలకు గుంట ఇంచుమించు ఖాళీ. మెట్లు ఇంకా చిన్నవిగా చేస్తే 50 నిమిషాలు వస్తుంది. చూశారా, ఒక్కొక్క మెట్టుకూ నీరు దిగటం ఎట్లా తగ్గుతున్నదో! పైన నీరు తగ్గేకొద్దీ తోసే బలం తగ్గుతుంది గదా. ఇప్పటి ఇంజనీర్లు కంప్యూటర్లతో వేసే లెక్కలు ఇంతకన్నా చాలా పెద్దవి. కాని వాటిలో కూడా ఇట్లాగే చిన్నచిన్న మెట్లుగా నీటిని దించుకుంటూ పోతారు. ఇటువంటి లెక్కను నమూనా అంటారు.

మరి రేగడి? దాని వేగం ఇసుక వేగంలో నూరోవంతు. కాబట్టి 50 నిమిషాలకు నూరు రెట్లు, 5,000 నిమిషాలు. అంటే దాదాపు మూడున్నర రోజులు! మూడు రోజులు దాటినా మా గుంట ఎందుకు ఎండలేదో ఆ సీసా అట్లా చెప్పేసింది. తవ్వకముందే రెండు సీసాలు పెట్టి చూసి ఉంటే, దర్జీ ఇంటికి దోమలు పోయేవి కావు.

ఆ మర్నాడు ప్రార్థన సమయంలో మళ్లీ మాట్లాడాను. ఈసారి ఉపన్యాసం కాదు. "తప్పు నాది. చెప్పిన పిల్లను కసరటం అంతకన్నా పెద్ద తప్పు" అన్నాను. ఆ అమ్మాయి తల వంచుకుని నిలబడి ఉన్నది.

ఆ వారమే రేగడి అంతా తీయించాం. పిల్లలు నాలుగైదు రకాల కలుపులు సీసాల్లో పరీక్షించి, ఏటి ఇసుక తొమ్మిది పాళ్లు, మాగిన ఆకు ఎరువు ఒక పాలు అని తేల్చారు. ఎరువు ఎక్కువ వేద్దామన్నారు కొందరు. కాని ఎరువు ఎక్కువైతే దానిలోని సారమే నీటితో కొట్టుకుపోయి చెరువును పాడుచేస్తుంది. ఆగస్టులో గుంట నిండిన రోజున అందరం గొడుగులు వేసుకుని, కర్రమీద గీతలు పెట్టుకుని, గడియారం చూస్తూ కూచున్నాం. లెక్కలో వచ్చింది 50 నిమిషాలు. గుంట ఖాళీ కావటానికి పట్టింది గంటకు ఐదు నిమిషాలు తక్కువ. పిల్లలు ఈలలు వేశారు. నేను వద్దనలేదు.

కథ ఇక్కడితో అయిపోలేదు. రెండేళ్ల తర్వాత అదే గుంట మూడు గంటలకు గాని ఎండలేదు. ఎందుకని? ఆవరణనుంచి వచ్చిన మెత్తని మడ్డి ఇసుకపైన పొరగా పేరుకుపోయింది. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరంలో శాస్త్రజ్ఞులు ఈ సంగతే పెద్దఎత్తున పరిశీలించారు. నూరుకు పైగా పెద్ద గొట్టాలలో మట్టి నింపి, మొక్కలు నాటి, వీధినీటిలాంటి మురికినీరు పోస్తూ 72 వారాలు కొలిచారు. నీరు దిగే వేగం సగటున 3.6 రెట్లు తగ్గిపోయింది. పారేనేల పెద్దదై వానతోట చిన్నదైతే త్వరగా పూడుకుపోతుందని కూడా తేలింది. అయితే మెలలూకా అనే చెట్టు నాటిన గొట్టాలలో వేగం బాగా నిలిచింది. దాని లావుపాటి వేళ్లు మట్టిలో నీటికి దారులు చేస్తవి. అందుచేత వానతోటలో మొక్కలు అందానికే కాదు.

అక్కడివారు ఇటువంటి తోటలకు గంటకు 10 నుంచి 30 సెంటీమీటర్ల వేగం గల మట్టి మంచిదని చెబుతారు. అంతకన్నా నిదానమైతే నీరు నిలిచి పొర్లిపోతుంది. మరీ వేగమైతే నీరు శుభ్రపడదు, మొక్కలకు తడీ మిగలదు. మా ఇసుక వేగం 20 గదా, మధ్యలో ఉన్నది. పైపొర రెండు అంగుళాలు గీకి కొత్త ఇసుక వేస్తే మా గుంట మళ్లీ గంటలోపలే ఎండింది. అప్పటినుంచి ప్రతి ఏడూ తొలకరికి ముందు పైపొర గీకటం తొమ్మిదో తరగతివారి పని.

ఇంకొక మాట. కుంభవృష్టిని వానతోట ఆపలేదు. మా గుంట పైభాగంలో పట్టేది 2,000 లీటర్లే. ఆవరణనుంచి సెంటీమీటరు వానకే 5,000 లీటర్లు వస్తవని ముందే చెప్పాను. నీరు దిగుతూ ఉంటుంది గనక మామూలు వానలకు సరిపోతుంది. పెద్దవాన వస్తే మిగిలింది అంచుమీదుగా కాలవలోకి పొర్లుతుంది. ఎంతవరకు చేయగలదో ముందే లెక్క కట్టుకుంటే, ఆ పైదానికి వేరే దారి చూసుకోవచ్చు.

ఇప్పుడు మీ వంతు. పెద్దవాళ్లచేత సీసా అడుగు కోయించుకుని, మీ పెరటి మట్టితో ఒకటి, ఇసుకతో ఒకటి పెట్టి చూడండి. మట్టిని ముందు తడపటం మరవకండి. బురదనీళ్లు పోసి, కింద ఎట్లా వస్తున్నవో చూడండి. తేటగా వచ్చినా తాగవద్దు. కంటికి కనబడని క్రిములు అందులో ఉండవచ్చు.

అమ్మానాన్నలకు ఒక మనవి. ఇంటిముందు జాగా అంతా సిమెంటు చేయించబోయే ముందు పిల్లలను ఈ సీసా పెట్టి చూడనివ్వండి. వాళ్లు తెచ్చిన అంకె మీకు నచ్చకపోయినా కసరవద్దు. నేను కసిరి చూశాను గదా!

చివరగా ఒక లెక్క. మా సీసా వంటిదే మీ దగ్గర ఉన్నది. 10 సెంటీమీటర్ల మట్టి, పైన 10 సెంటీమీటర్ల నీరు. 6 నిమిషాల్లో 160 మిల్లీలీటర్లు దిగినవి. ఆ మట్టినే మా గుంటలో వేస్తే, 20 సెంటీమీటర్ల నీరు దిగటానికి ఎంతసేపు పడుతుంది? కార్డు మీద రాసి పంపండి. జవాబు వచ్చే నెల.